ఫీల్డ్ డిసార్ప్షన్‌కు దక్కని గౌరవం

మాస్ స్పెక్ట్రోమెట్రీ అనగానే ఇవాళ అందరి నోటా వచ్చే మాట ఎలక్ట్రోస్ప్రే. దానికి 2002లో జాన్ ఫెన్ నోబెల్ అందుకున్నారు, అందులో పేచీ ఏమీ లేదు. నా బాధంతా ఫీల్డ్ డిసార్ప్షన్ గురించి. జర్మనీలోని బాన్‌లో హెచ్.డి. బెకీ 1969లోనే గ్లూకోజ్ అణువును చిందరవందర చేయకుండా చూపించిన పద్ధతి అది. మన ఎమ్మెస్సీ పుస్తకాల్లో దానికి దక్కేది ఒక పేరా, మహా అయితే రెండు మార్కుల ప్రశ్న.

ఈ చిన్నచూపు వల్ల నష్టపోయేది నూనెలు, మైనాలు, లూబ్రికెంట్ల మీద పనిచేసేవాళ్లు. హైడ్రోకార్బన్‌లో ప్రోటాన్ అంటుకోవడానికి చోటే ఉండదు కాబట్టి ఎలక్ట్రోస్ప్రే దాన్ని పట్టుకోలేదు. పోనీ పాత పద్ధతిలో 70 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లతో కొడదామంటే అణువు ముక్కలైపోతుంది. ముప్పై కార్బన్ల స్క్వాలేన్‌నే తీసుకోండి. స్పెక్ట్రంలో ద్రవ్యరాశి 57, 71, 85 దగ్గర ముక్కలు గుట్టపడతాయి. అసలు అణువు కనిపించాల్సిన 422 దగ్గర పీక్ కోసం కళ్లు చికిలించుకుని వెతకాలి.

ఫీల్డ్ డిసార్ప్షన్ చేసే పని చూడండి. 10 మైక్రోమీటర్ల పైచిలుకు మందమున్న టంగ్‌స్టన్ తీగను బెంజోనైట్రైల్ ఆవిరిలో వేడిచేసి హైవోల్టేజీ ఇస్తే, దాని పొడవునా కార్బన్ సూదులు మొలుస్తాయి. ఆ సూదుల మీద ఒక్క చుక్క నమూనా వేసి, ఎదుటి ఎలక్ట్రోడ్‌కూ తీగకూ మధ్య దాదాపు 10 కిలోవోల్టుల తేడా పెడతారు. మొనల దగ్గర విద్యుత్ క్షేత్రం ఎంత తీవ్రమంటే, అణువులోని ఒక ఎలక్ట్రాన్ టన్నెలింగ్‌తో సూదిలోకి వెళ్లిపోతుంది. అణువుకు అదనపు శక్తి దాదాపు అందదు, అందుకే అది విరగదు. స్పెక్ట్రంలో 422 స్పష్టంగా నిలబడుతుంది.

తీగ సుకుమారం, నిజమే. ఒక్క స్పార్క్ వస్తే తెగుతుంది. దాన్ని అమర్చడానికి చేయి తిరిగినవాళ్లు కావాలి. అయితే 2004లో లిండెన్ అనే పరిశోధకుడు ఆ కష్టాన్నీ చాలావరకు తగ్గించారు. నమూనాను సన్నని గొట్టం గుండా నేరుగా వాక్యూమ్‌లో ఉన్న తీగ మీదికే పంపే ఏర్పాటు చేశారు. గాలి తగిలితే చెడిపోయే లోహ సమ్మేళనాలకు ఇది వరమే. ఇంత జరిగినా ఫీల్డ్ డిసార్ప్షన్ పేరెత్తితే 'పాత పద్ధతి కదా' అనేస్తారు!

ఎలక్ట్రోస్ప్రే రిపోర్టులో 'కనబడలేదు' అని రాసి ఉంటే, ఆ పదార్థం నమూనాలో లేనట్టేనని విద్యార్థి నమ్మేస్తాడు. ఎలక్ట్రోస్ప్రే సోర్సే దాన్ని చూడలేకపోయిందని అతనికి చెప్పేవారెవరు?

విభాగాధిపతులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి కొత్త పరికరానికి టెండరు పిలిచేటప్పుడు ఫీల్డ్ డిసార్ప్షన్ సోర్సును కూడా అందులో చేర్చండి, దాన్ని నడపడం ఇద్దరు కుర్రాళ్లకైనా నేర్పించండి.