ఆటలో అరటిపండు

మా వీధిలో ఏడుపెంకులాటకి జట్లు పంచుకున్నాక ప్రతి సాయంత్రం ఎవరి తమ్ముడో ఒకడు మిగిలిపోయి ఏడుపు లంకించుకునేవాడు. ‘సర్లే, వీడు ఆటలో అరటిపండు’ అని పెద్దపిల్ల ఎవరో తీర్పు చెప్పేది. ఇక బంతి తగిలినా వాడు అవుటు కాడు. పడుతూ లేస్తూ పరిగెడతాడు. రెండేళ్లు తిరిగేసరికి జట్లు పంచేది వాడే. ఆ మాటలో కాస్త వెటకారం ఉంది గానీ, ఏర్పాటు మాత్రం బంగారం.

ఆన్‌లైన్ ఆటల్లో అరటిపండు లేడు. నూబ్ ఉన్నాడు, అంటే ఆట రాని కొత్తవాడికి పెట్టిన వెక్కిరింపు పేరు.

మా తమ్ముడి కూతురు పదో తరగతి. నలుగురేసి జట్టుగా దిగే తుపాకుల ఆట ఒకటి ఫోన్లో ఎక్కించుకుంది. పక్కన కూర్చుని చూశాను. జట్టులో మిగతా ముగ్గురూ ముక్కూమొహం తెలియనివాళ్లు. మెట్ల దగ్గర శత్రువు కనపడగానే ‘అన్నా, వెనకాల’ అంది. ‘అరె, అమ్మాయిరా’ అని ఒకడు నవ్వాడు. ‘ఈ నూబ్‌ని మనకెందుకు తగిలించార్రా’ అని ఇంకొకడు, వెనకే ఒక బూతు. పిల్ల గబుక్కున మైకు ఆపేసి, ఏమీ జరగనట్టే ఆడుకుంటూ పోయింది. బూతు కన్నా ఆ అలవాటు చూసి ఎక్కువ బాధేసింది.

పెంపకం లోపం అంటారు పెద్దలు. నాకు సగమే నమ్మకం. మిగతా సగం ఆట తయారుచేసిన తీరులో ఉంది. 2012లో జర్నీ అనే ఆట వచ్చింది. ముఖపరిచయం లేని ఇద్దరు ఎడారి దాటి కొండ దాకా నడుస్తారు. మాటల్లేవు, ఆట ముగిసేదాకా పేర్లు కనపడవు. తయారీలో ఉండగా ఒకరినొకరు తోసుకునే వీలుండేది. జనం సాయం మానేసి తోసుకోవడమే పనిగా పెట్టుకున్నారు. రూపకర్త జెనోవా చెన్ బృందం ఆ వీలు తీసేసింది, ఒకరికొకరు తగిలితే ఇద్దరి కండువాల్లోనూ శక్తి నిండేలా చేసింది. ఆ తర్వాత ఒకరినొకరు వదలకుండా నడిచారు.

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆటలో కొత్తవాడి పేరు పక్కన చిన్న మొలక బొమ్మ ఉంటుంది. ఏదైనా ఘట్టానికి మొదటిసారి వచ్చినవాడు జట్టులో ఉంటే, గెలిచాక పాతవాళ్లకి అదనపు బహుమతి. అచ్చంగా మన అరటిపండే, కాకపోతే ఆడించినవాళ్లకి గిట్టుబాటు కూడా. లీగ్ ఆఫ్ లెజెండ్స్ వాళ్లు 2011లో తిట్టేవాళ్ల మీద ఆటగాళ్లతోనే పంచాయితీ పెట్టించి, కొన్నాళ్లకి ఎత్తేశారు. 2012లో తెచ్చిన మెచ్చుకోలు పద్ధతి మాత్రం రూపం మార్చుకుంటూ నిలబడింది. ఫిర్యాదు మీట వద్దనను. కానీ అదొక్కటే కొత్తవాణ్ని మర్నాడు మళ్లీ రప్పించదు.

కొత్తవాళ్లని ఆడించడంలో పాతకాపులకి స్వార్థం కూడా ఉంది. ఉద్యోగాలు, పెళ్లిళ్లు, పిల్లలు వచ్చి పాతవాళ్లు ఎటూ జారుకుంటారు. కొత్తవాళ్లని తరిమేసిన ఆటలో చివరికి జట్టు దొరకడానికే అరగంట కాచుకోవాలి.

కంపెనీలు మారేదాకా ఆగక్కర్లేదు. ఈ రాత్రి మీ జట్టులోకి తడబడే గొంతు ఒకటి వస్తే, ‘మా వెనకే రా, ఇక్కడ దిగుదాం’ అనండి చాలు.