విమానయానమున చేతిసంచి

విమానప్రయాణము మన యిండ్లలో నేడు వింత కాదు. కుమార్తె పురిటికని అమెరికాకును, కుమారుని చూచివచ్చుటకని ఆస్ట్రేలియాకును, భర్త పనిచేయు చోటికని దుబాయికిని మన స్త్రీలు పోవుచునే యున్నారు. వారిలో మొదటిసారి విమాన మెక్కువారు పెక్కండ్రు. తోడెవ్వరును లేక పోవువారును గలరు. ప్రయాణమునకు నెలదినములు ముందుగనే ఆవకాయ కలుపుట, అరిసెలు వండుట, పొడులు కొట్టుట మొదలగును. ఇంత శ్రద్ధతో నన్నియు సమకూర్చు గృహిణి, ఏ వస్తువు ఏ సంచిలో నుండవలెనో యోచించుటకు మాత్రము కడపటి రాత్రివరకు తీరిక చేసికొనదు. కావున నీ నెల మేము ఆ విషయమును గూర్చి కొంత వ్రాయదలచితిమి.

సాధారణముగా మన మనుసరించు పద్ధతి యెట్టిది? పగులునని భయపడు పచ్చడిజాడీని, ఒలుకునని శంకించు నేతిసీసాను చేతిసంచిలో భద్రపరచుదుము. మందులను, రెండవ కళ్లజోడును, సెల్‌ఫోనునకు విద్యుత్తు నెక్కించు పవర్ బ్యాంకును పెద్దపెట్టెలో నొక మూల దోపుదుము. రైలుబండిలో రెండు సంచులును మన కండ్లయెదుటనే యుండును గనుక నే విధముగ సర్దినను నష్టము లేదు. విమానమున నట్లు గాదు. పెద్దపెట్టెను బయలుదేరుచోట నప్పగింతుము. మరల దిగినచోటగాని చూడము. చేతిసంచినో, తనిఖీవారు యంత్రములో చూచి, అవసరమైనచో విప్పి పరీక్షింతురు. జాడీ వారి బుట్టపాలగును. మందులు వేళకు చేతికందవు. మనము సర్దు పద్ధతిని తలక్రిందు చేసికొనుటయే దీనికి మందు.

ముందుగా ద్రవపదార్థములను చూతము. 2006 ఆగస్టులో, లండనునుండి అమెరికాకు పోవు విమానములను పానీయపు సీసాలలో దాచిన ప్రేలుడు ద్రవములతో కూల్చవలెనను కుట్రను బ్రిటిషు పోలీసులు కనిపెట్టిరి. ఆ దినములలో పసిబిడ్డల పాలను సైతము తల్లులు అధికారుల యెదుట రుచిచూచి చూపవలసివచ్చెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో అమెరికాయు, నవంబరులో యూరపు దేశములును నియమములను స్థిరపరచినవి. ఒక్కొక్క సీసా 100 మిల్లీలీటర్లకు మించరాదు. అట్టివన్నియు లీటరు పట్టు పారదర్శకమగు నొక్క సంచిలో నిమిడియుండవలెను. అంతర్జాతీయ ప్రయాణములలో నేటికిని సాధారణముగ నిదియే ప్రమాణము.

ఇందు మన స్త్రీలు గ్రహింపవలసిన విషయములు రెండు గలవు. మొదటిది: కొలుచునది సీసానే గాని లోపలనున్న పదార్థమును గాదు. 200 మిల్లీలీటర్ల సీసాలో అడుగున రెండు చెంచాల తల నూనె యున్నను, అది 200 మిల్లీలీటర్ల సీసాయే. రెండవది: ద్రవమనగా నీరొక్కటే కాదు. ఒలుకునది, పూయదగినది, పిండిన వచ్చునది యెల్ల వారి దృష్టిలో ద్రవమే. ఆవకాయ, గోంగూర పచ్చడి, నెయ్యి, పెరుగు, తేనె, నూనె, షాంపూ, టూత్‌పేస్టు ఇవన్నియు నా పట్టికలో చేరును. అరిసెలు, సున్నుండలు, జంతికలు గట్టిపదార్థములు గనుక నీ నియమము వానికి వర్తింపదు. క్రొత్త యంత్రములు నెలకొల్పిన కొన్ని విమానాశ్రయములలో నీ నిర్బంధము సడలుచున్నమాట నిజమే. కాని దోహాలోనో, లండనులోనో విమానము మారువారు అచ్చటను మరల తనిఖీకి నిలువవలసియుండును. త్రోవలో నే విమానాశ్రయము మిక్కిలి కఠినమో దానినే ప్రమాణముగ నెంచి సర్దుకొనుట తెలివి. త్రాగునీటి సీసాను ఖాళీగా తీసికొనిపోయి, తనిఖీ దాటిన పిదప నింపుకొనవచ్చును.

పచ్చళ్లను మానుకొండని మేము చెప్పుటలేదు. అవి పెద్దపెట్టెలో పోవలెను. గాజుజాడీ వలదు. విమానము పైకెగసినప్పుడు లోపలి గాలి యొత్తిడి తగ్గును. జాడీలోని గాలి వ్యాకోచించి మూతసందులనుండి నూనెను వెలికి త్రోయును. గాలి తీసివేసి అంటించిన మందపు ప్లాస్టికు సంచులైనచో నీ చిక్కుండదు. పచ్చళ్లమ్ము దుకాణములలో నిట్లు కట్టియిచ్చువారు గలరు. వానిని మరియొక సంచిలో నుంచి, పాతతువ్వాలు చుట్టి, చీరల నడుమగాక నొక ప్రక్కగ నమర్చవలెను.

ఇక పొడులు. అమెరికాకు పోవు విమానములలో 2018 జూన్ 30 నుండి, 350 మిల్లీలీటర్లకు మించిన పొడి చేతిసంచిలో నున్నచో ప్రత్యేకముగ పరీక్షింతురు. అది యేదో తేలనిచో లోనికి రానీయరు. శీతలపానీయపు డబ్బా యెంత పట్టునో యించుమించుగ నంతయే యీ పరిమాణము. పసిపిల్లల పాలపొడికిని, వైద్యమున కావశ్యకమైనవానికిని మినహాయింపు గలదు. కందిపొడి, నువ్వులపొడి, సున్నిపిండి, సాంబారుపొడి పెద్దపెట్టెలో నుండుట మేలు. కారము విషయము వేరుగ చెప్పనక్కరలేదు. మూటవిప్పి చూచువాని కన్నులలో పడిన నేమగునో మన వంటయింటివారికి తెలియును.

కత్తిపీట మాట యటుంచి, అడకత్తెరను, కూరగాయల చాకును, కుట్టుపని కత్తెరను మరచిపోయి చేతిసంచిలో నుంచుట తరచు జరుగును. చేతిసంచిని ప్రయాణమునకు ముందు పూర్తిగా బోర్లించి దులిపి, తిరిగి సర్దుట మంచి యలవాటు. పాదరసపు జ్వరమానిని గూడ చేతిసంచిలో నుంచరాదు. అది పగిలి పాదరసము కారినచో విమానమునకు ముఖ్యలోహమగు అల్యూమినియమును తినివేయును. పూజకని కొనిపోవు కర్పూరము, అగ్గిపెట్టె త్వరగా నంటుకొనునవి గనుక నే సంచిలోను పనికిరావు. ఎండుకొబ్బరి కురిడీలలో నూనె మెండు. అవి తమంతట తామే వేడెక్కి రగుల్కొనగల సరకులలో నొకటిగ నెన్నబడినవి. పచ్చికొబ్బరికాయకును చేతిసంచిలో సాధారణముగ ననుమతి లేదు. శబరిమల యాత్రికులు ఇరుముడిలోని కొబ్బరికాయను తమతో తీసికొనిపోవుటకు 2024 అక్టోబరులో మన ప్రభుత్వము ప్రత్యేకముగ, 2025 జనవరి 20 వరకు మాత్రము, అనుమతి నొసగినదన్నచో, ఈ నియమమెంత గట్టిదో తెలియును.

ఇంతవరకు చేతిసంచినుండి తీసివేయవలసినవానిని చెప్పితిమి. పెట్టెనుండి తీసి చేతిసంచిలో చేర్చవలసినవి గూడ గలవు. వానిలో మొదటిది పవర్ బ్యాంకు. దీనిలోని లిథియము బ్యాటరీ చెడినచో తానై మండును. ఆర్పినను మరల రగులును. మనుష్యులున్నచోట పొగ వచ్చినచో సిబ్బంది చూచి వెంటనే నీరు పోసి చల్లార్చగలరు, సామానుగదిలో చూచువారెవ్వరు? 2025 జనవరి 28 న దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయమున బయలుదేరుటకు సిద్ధముగానున్న ఎయిర్ బుసాన్ విమానమొకటి తగులబడెను. లోపలనున్నవారందరు ప్రాణములతో బయటపడిరి. తలపై నరలోనుంచిన పవర్ బ్యాంకు దానికి కారణమై యుండవచ్చునని విచారణాధికారులు తలచిరి. కావున దానిని చేతిసంచిలో నుంచినంత చాలదు, కనుచూపులో నుంచుకొనవలెను. దాని శక్తి 100 వాట్‌అవర్లకు మించరాదు. సాధారణమగు 20,000 మిల్లీఆంపియర్‌అవర్ల పవర్ బ్యాంకు 74 వాట్‌అవర్లే. అంకెలు చెరిగిపోయినదానిని, ఉబ్బినదానిని ఇంటనే విడువవలెను.

రెండవది మందులు. మధుమేహము, రక్తపుపోటు గలవారు కనీసము వారము దినములకు సరిపడు మందులను, వైద్యుని చీటితో సహా చేతిసంచిలో నుంచుకొనవలెను. పెట్టె తప్పిపోయి రెండుదినములు రాకపోయినను ఆరోగ్యమునకు లోపము రాదు. ఇన్సులినును సామానుగదికి పంపరాదు. అచ్చటి చలికి గడ్డకట్టినచో దాని గుణము చెడును. ద్రవమైనను, అవసరమైన మందునకు 100 మిల్లీలీటర్ల నిర్బంధము లేదు. తనిఖీవద్ద ముందుగ చూపిన చాలును. పసిబిడ్డల పాలకును నిట్లే. నగలు, పాస్‌పోర్టు, కళ్లజోడు, ఒక చీర వీనితో చేరవలెను. చేతిసంచి బరువు 7 కిలోలకు మించకుండ చూచుకొనవలెను. అనేక సంస్థలు చౌకతరగతివారికి విధించు హద్దది. ఒక్కొక్కప్పుడు లోపల చోటు చాలదని విమానము తలుపువద్ద చేతిసంచిని సైతము సామానుగదికి పంపుదురు. అట్టి సమయమున సిగ్గుపడక, “క్షణమాగుడు” అని, మందులను, పవర్ బ్యాంకును, కాగితములను వెలికి తీసికొనవలెను.

చివరగా, మిక్కిలి ముఖ్యమైన మాట యొకటి. ఎవరైన విదేశమునకు పోవుచున్నారని తెలిసినంతనే ఇరుగుపొరుగువారు, చుట్టములు పొట్లములు తెచ్చి, “మా అమ్మాయి కిది యందజేయు మమ్మా” అనుట మనలో నాచారము. మొగమోటముచే కాదనలేము. కాని సంచిలో నున్నదానికెల్ల బాధ్యురాలు దానిని మోసినదే, ఇచ్చినవారు గారు. గసగసాల సంగతియే చూడుడు. మన వంటయింట నవి మసాలాదినుసు మాత్రమే. నల్లమందు మొక్కనుండి వచ్చినవగుటచే, ఎమిరేట్స్‌లోను, సౌదీ అరేబియాలోను అవి నిషిద్ధములు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవు కుటుంబములు పెక్కు. మసాలాపొట్లములో గసగసాలున్నవన్న సంగతి తెలియని యిల్లాలు నేరస్థుల వలె నిలువవలసి రాగూడదు గదా! కనుక విప్పిచూపని పొట్లము నెవ్వరిదైనను తీసికొనరాదు. “విప్పి చూచి నేనే సర్దుకొందును, పిన్నీ” అనుటలో అమర్యాద లేదు. నిజమైన ఆప్తులు దీనికి కోపింపరు. అమెరికాకు పోవువారు పచ్చి కరివేపాకును, తాజా పండ్లను గూడ నే సంచిలోను పెట్టుకొనరాదు. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చు పురుగు కరివేపాకు నాశ్రయించి యుండునని వారు దానిని రానీయరు.

ఈ నియమములు అప్పుడప్పుడు మారుచుండును. కావున టిక్కెట్టు కొన్న సంస్థవారి పట్టికను ప్రయాణమునకు వారము ముందుగ చదువుకొనుట, ఆంగ్లము రానివారు ఇంటనున్న చదువరులచే చదివించుకొని తెలుగున నొక కాగితముపై వ్రాసికొనుట యావశ్యకము. తల్లి చేతి పచ్చడి బిడ్డకు ప్రియమే. కాని తల్లి యారోగ్యముతో, చీకుచింత లేక వచ్చి దిగుట అంతకంటె ప్రియము. సోదరీమణులు పెట్టెకు తాళము వేయుటకు ముందీ విషయముల నొక్కసారి తలచుకొందురుగాక.