లైన్ ఆపే హక్కు ఎవరిది?

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు చాలా ఆఫీసుల్లో కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఒక క్లాసు ఉంటుంది. జర్మన్లు మొహం మీదే చెప్పేస్తారు, జపనీయులు పైకి కాదనరు, అమెరికన్లు ముందు మెచ్చుకుని ఆ తర్వాత తప్పు పడతారు, మనవాళ్లు బాస్‌కు ఎదురు చెప్పరు. రెండు గంటల్లో ప్రపంచాన్ని చుట్టేసి, చివర్లో క్విజ్ పెట్టి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. జీసీసీలుగా పిలిచే బహుళజాతి సంస్థల సొంత కేంద్రాలు దేశంలో 2024 నాటికే 1,700 దాటాయి. అప్పటికి వాటిలో సుమారు 19 లక్షల మంది పనిచేస్తున్నారు. ఈ క్లాసులకు గిరాకీ తగ్గే సూచనలేవీ లేవు. వాటివల్ల పని ఎంత మెరుగుపడిందని అడిగేవాళ్లే తక్కువ.

ఈ బోధన దౌత్యవేత్తలతో మొదలైంది. 1950ల తొలినాళ్లలో విదేశాలకు వెళ్లే అమెరికా ప్రభుత్వ సిబ్బందికి అక్కడి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త తర్ఫీదు ఇచ్చేవాడు. కంపెనీలకు నచ్చేలా దాన్ని అంకెల్లోకి దించింది డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్. 1967-73 మధ్య వివిధ దేశాల ఐబీఎం ఉద్యోగులు నింపిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను వడగట్టి, 1980లో పుస్తకం వేశాడు. పైవాడి అధికారాన్ని కిందివాళ్లు ఎంత సహజంగా ఒప్పుకుంటారో చెప్పే కొలతలో భారత్‌కు 77, అమెరికాకు 40, ఇజ్రాయెల్‌కు 13 వచ్చాయి. అది ఒకే కంపెనీ ఉద్యోగులు దాదాపు అరవై ఏళ్ల కిందట మొదలుపెట్టి ఇచ్చిన జవాబుల లెక్క. అందులో శ్రీకాకుళానికీ లుధియానాకూ ఒకటే మార్కు. దేశం సగటును ఒక్కో మనిషికి అంటగట్టవద్దని హాఫ్‌స్టెడే హెచ్చరించాడు. ఆ పద్ధతిలోనే లోపముందని 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ గట్టిగా వాదించాడు. అయినా ట్రైనింగ్ స్లైడ్ల మీద ఆ 77 చెక్కుచెదరలేదు.

అలాగని మనవాళ్లు పైవాళ్ల ముందు నోరు విప్పరన్నది పూర్తిగా కట్టుకథా? కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఏ ఆఫీసు కాల్‌లో చూసినా కనిపించే దృశ్యమే ఇది. సియాటిల్‌లో అప్పుడు ఉదయం తొమ్మిది. శుక్రవారం రిలీజ్ అయిపోతుంది కదా అని అక్కడి మేనేజర్ అడుగుతాడు. టెస్టింగ్ సగం కూడా కాలేదని తెలిసిన అమ్మాయి మ్యూట్‌లో ఉంటుంది. 'అన్నా, పేమెంట్ ఇంకా ఫెయిల్ అవుతోంది' అని టీమ్ లీడ్‌కు చాట్‌లో పెడుతుంది. అతను చూస్తాడు. కాల్‌లో మాత్రం 'ట్రై చేస్తాం' అంటాడు. సోమవారం ఎస్కలేషన్ వస్తుంది. ఆపై వారం హైదరాబాద్ టీమ్‌కు ధైర్యంగా మాట్లాడటం ఎలా అనే క్లాసు పడుతుంది. సియాటిల్ టీమ్‌కు ఏ క్లాసూ ఉండదు.

ఆ లీడ్ పిరికివాడేమీ కాదు. కుదరదని గురువారమే చెబితే ఆ మాట అతని ఒక్కడి ఖాతాలో పడుతుంది, అప్రైజల్ దాకా వెంటాడుతుంది. సోమవారం బయటపడితే తప్పు పదిమందికీ పంచుకుపోతుంది. ఈ లెక్క తెలిసిన ఏ దేశంవాడైనా అతను చేసిన పనే చేస్తాడు. దీన్ని సంస్కృతి అనేస్తే లెక్కను సరిచేయాల్సినవాళ్లు తప్పించుకుంటారు.

ఈ లెక్కను మార్చి చూపించిన చోటు ఒకటుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కార్ల ప్లాంట్ ఉండేది. తాగి డ్యూటీకి రావడం, మాటిమాటికీ సమ్మెలు, ఒక్కోసారి ఐదోవంతు మంది గైర్హాజరు. 1982లో మూసేశారు. రెండేళ్ల తర్వాత టయోటాతో కలిసి నూమీ పేరుతో మళ్లీ తెరిచినప్పుడు పాత కార్మికుల్నే ఎక్కువగా తీసుకున్నారు, పాత యూనియనే కొనసాగింది. టీమ్ లీడర్లను వందల సంఖ్యలో జపాన్‌లోని టయోటా సిటీకి పంపారు. అక్కడ జపాన్ ఆచారాల మీద లెక్చర్లతో సరిపెట్టలేదు. వాళ్లను నేరుగా లైన్ మీద, జపాన్ కార్మికుల పక్కన నిలబెట్టారు. బోల్టు బిగించడం ఆలస్యమైతే పైనున్న తాడు లాగాలి. లాగగానే టీమ్ లీడర్ పరుగున వస్తాడు, తిట్టడానికి కాదు, సాయం చేయడానికి. అప్పటికీ సరికాకపోతే లైన్ ఆగుతుంది. వీళ్లొచ్చిన పాత ఫ్రీమాంట్‌లో లైన్ ఆపడమంటే ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే. తప్పుంటే ఉండనీ, కారు ముందుకు పోవాల్సిందే.

నూమీలో ఆ తాడు వేలాడదీశారు. బాసుల ప్రత్యేక భోజనశాల ఎత్తేశారు. 1988లో అమ్మకాలు పడిపోయినప్పుడు కూడా ఎవరినీ ఇంటికి పంపలేదు. గైర్హాజరు తొలి ఏడాదే రెండు శాతానికి దిగింది. మనుషుల ఆలోచన మారాక పని మారుతుందని కూర్చోవద్దు, చేసే తీరు మార్చండి, ఆలోచన దాని వెంటే వస్తుంది అని ఆ తర్ఫీదులో పాలుపంచుకున్న జాన్ షుక్ 2010లో రాశాడు. రెండు గంటల క్లాసులు నడిపేవాళ్లు చదవాల్సిన వ్యాసం అది.

ఇదే పద్ధతిని లాస్ ఏంజెలెస్ శివారులోని వాన్ నైస్ ప్లాంట్‌లో దించాలని జనరల్ మోటార్స్ ప్రయత్నించింది. అక్కడ పైవాళ్ల ప్రతిఫలం మాత్రం ఎన్ని కార్లు బయటికి పోయాయన్న దానితోనే ముడిపడి ఉండిపోయింది. అలాంటప్పుడు లైన్ ఆపమని ఎవరు ప్రోత్సహిస్తారు? 1992లో ఆ ప్లాంట్ మూతపడింది. మన దగ్గర మారుతి కూడా 1983 నుంచి సుజుకీ బాటలో అందరికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్, పొద్దున వ్యాయామం పెట్టింది. మన ఆఫీసుల దర్జాకు అలవాటుపడ్డవాళ్లకు అప్పట్లో అది వింతే, మంచి పనే. అయితే కాంట్రాక్టు కార్మికుల జీతాలు, యూనియన్ గుర్తింపు లాంటి గొడవలు ముదిరి 2012 జులైలో మానేసర్ ప్లాంట్ భగ్గుమంది. ఒక అధికారి ప్రాణం పోయింది. ఒకే క్యాంటీన్‌లో తిన్నా జీతం చీటీలు రెండు రకాలుగా ఉన్నాయి.

హైదరాబాద్ ఆఫీసులకు ఆ తాడు లాంటిది కావాలి. టెస్టింగ్ చేసినవాళ్ల సంతకం లేకుండా రిలీజ్ కదలకూడదు. ఆ సంతకం పెట్టనందుకు అప్రైజల్‌లో మార్కు తగ్గకూడదని రాతపూర్వకంగా ఉండాలి. శిక్షణ అంటూ పెడితే రెండు టీమ్‌లనూ ఒకే క్లాసులో కూర్చోబెట్టాలి. ఎందుకంటే సగం కాల్ నిశ్శబ్దంగా గడిచినా అనుమానం రాని మేనేజర్‌కూ నేర్చుకోవాల్సింది ఉంది. కాల్ సెంటర్ల రోజుల్లో మన పిల్లల యాస సరిచేశారు, పేర్లు కూడా మార్చారు. అప్పుడూ సర్దుకోవడం ఒకవైపు నుంచే.

కాల్ టైమ్ కూడా ఇందులో భాగమే. ఏటా నవంబరులో అమెరికా గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటుంది. సియాటిల్‌లో తొమ్మిది తొమ్మిదిగానే ఉంటుంది, ఇక్కడి తొమ్మిదిన్నర పదిన్నర అవుతుంది. మార్చిలో తిరిగి వాళ్లు గడియారం ముందుకు జరిపేదాకా చంటిపిల్లలున్న తల్లులు రాత్రి పదిన్నరకు లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ఒక నెల మన పొద్దున, ఒక నెల వాళ్ల పొద్దున అని వంతులు వేసుకోవడానికి ట్రైనర్ అక్కర్లేదు. సియాటిల్ మేనేజర్ క్యాలెండర్ తెరిచి కాల్ టైమ్ మారిస్తే చాలు.