వేఁటతుపాకి యెన్నిక

2018 నవంబరులో మహారాష్ట్రమందలి యవత్మాల్ జిల్లాలో అవని యను ఆఁడుపులిని రాత్రివేళ కాల్చి చంపినప్పుడు, దానిని చంపవలసియుండెనా, మత్తుమందుతో పట్టవలసియుండెనా యని దేశమంతయు వాదించినది. ఆ వాదము న్యాయమే. కాని యట్టి పనికి పోవువాఁడు ఏ తుపాకి చేతఁబట్టి పోవలెనను ప్రశ్న యంతగా వినఁబడలేదు. గుఱి తప్పి గాయపడిన మృగము మఱునాఁడు పొలమునకు పోవు కూలిమీఁదనే గదా పగ తీర్చుకొనును!

వినోదపు వేఁటను గూర్చి మేము చెప్పుటలేదు. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991 నాఁటి సవరణయు దానిని ముగించినవి, మంచిపని జరిగినది. మనుష్యుల ప్రాణమునకు ముప్పుదెచ్చు పులిని చంపుటకు నేఁడు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాఁతపూర్వకమైన యుత్తరువు కావలెను. ఆ యుత్తరువు చేతఁగొనినవాని సంగతియే మాకు ముఖ్యము.

పెద్ద మృగమునకు పెద్ద బోరే కావలెనను నమ్మకము మనలో బలముగా నున్నది. దివాణముల గోడలకు వ్రేలాడిన లండను రెండుగొట్టముల తుపాకులే దీనికి మూలము కాఁబోలు. బెల్ అను స్కాట్లండు వేఁటకాఁడు ఆఫ్రికాలో వేయికి పైఁబడిన యేనుఁగులను చంపి, వానిలో నెక్కువభాగమును .275 బోరు బోల్టు తుపాకితోనే కూల్చెను. ఆ సంహారమును మేము మెచ్చము. అందలి పాఠమును మాత్రము గ్రహింతము. ఏనుఁగు తలలో మెదడెచ్చట నుండునో యతఁ డెఱుఁగును. పొడవైన గట్టిగుండు ఎముకను దూసికొని తిన్నగా పోవును. ఆ యెఱుక లేనివాఁడు బెల్‌ను అనుకరించుట చావు కొనితెచ్చుకొనుటయే. అందువలననే ఆఫ్రికాలోని పలుదేశములు ఏనుఁగు, దున్న మొదలగువానికి .375కు తక్కువ బోరు వాడరాదని నియమించినవి. 1907లో చంపావత్ పులిని చంపిన కార్బెట్టుకు బహుమానముగా వచ్చినదియు .275 బోల్టు తుపాకియే. కొండవాలున మైళ్లకొలఁది నడచువానికి తేలికతుపాకి మేలు.

బోరుకంటె ముఖ్యమైనది బోల్టు. 1898లో జర్మను సైన్యము స్వీకరించిన మౌజరు పద్ధతిలో, తూటా పెట్టెనుండి పైకి లేచునప్పుడే బోల్టు కొక్కెము దాని యంచును పట్టుకొనును. కంగారులో చేయి సగములో నాఁగి వెనుకకు లాగినను ఆ తూటా వెలికి వచ్చును. కొన్ని చౌకరకములలో బోల్టు పూర్తిగా మూసినఁగాని కొక్కెము పట్టదు. సగములో లాగినచో తూటా గొట్టములోనే యుండిపోయి, రెండవది దానికి తగిలి తుపాకి స్తంభించును. ఎదుట పులి యున్నప్పుడు!

మనదేశమున నీ యెన్నికను మృగమును చూచి చేయలేదు, ప్రజలను చూచి చేసిరి. 1907 ప్రాంతమున ఆంగ్లప్రభుత్వము .450 బోరును నిషేధించినది. ఆ గుండ్లు తిరుగుబాటుదారుల తుపాకులకు పనికివచ్చునను భయమే కారణము. సైన్యపు .303 కూడ నట్లే నిషిద్ధమయ్యెను. స్వరాజ్యము వచ్చి, 1959లో క్రొత్త ఆయుధచట్టము వచ్చినను .303 సామాన్యపౌరునికి దక్కలేదు. అతనికి మిగిలినది స్వదేశపు కర్మాగారములలో తయారగు .315 బోల్టు తుపాకి. దానిని మేము చులకన చేయము. అడవిపందికి చక్కగా చాలును. అడవిదున్నకును, ఏనుఁగునకును చాలదు.

కావున ప్రతి యటవీమండలమునందును మౌజరు కొక్కెముగల .375 తుపాకి యొక్కటైన నుండవలెను. దానితోపాటు అభ్యాసమునకు చాలినన్ని తూటాలును మంజూరు కావలెను. ఏడాదికొకసారియైన లక్ష్యపరీక్షలో నెగ్గనివానికి ఆ యుత్తరువు నీయరాదు, వాఁ డెంతటి ప్రసిద్ధుఁడైనను సరే.