సందుగ ఎరిగినవారికి అరబ్బీ కష్టమా?

సంఘంలో ఎవరైనా గల్ఫు వెళ్తున్నారంటే ప్రార్థన చేయించుకుంటారు, మామిడి తొక్కు కట్టించుకుంటారు. అక్కడి ఇంట్లో చీపురును ఏమంటారో మాత్రం ఎవరినీ అడగరు!

మన పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుండి వెళ్ళేవారిలో ఎక్కువ మంది మగవారే. అయినా వంటవారుగా, ఇంటి డ్రైవర్లుగా అరబ్బు ఇళ్ళలో చేరేవారున్నారు. ఇంటి పనికి వెళ్ళే స్త్రీలు కడప, గోదావరి జిల్లాల వైపు ఎక్కువ. ఎవరైనా సరే, మొదటి రోజునుండే కావలసినవి ఇంటి సామాను పేర్లు.

భయపడేంత కొత్త భాష కాదిది. 1948 వరకు నిజాం పాలనలో ఉర్దూ రాజభాష గనుక, దాని వెంట అరబ్బీ మాటలు మన ఇళ్ళలోకి ఎన్నడో వచ్చి చేరాయి. మన అవ్వలు బట్టలు దాచుకునే సందుగ అరబ్బీలో సందూక్. గల్ఫు యాసలో సందూగ్, అచ్చం మన అవ్వ పలికినట్లే! కుర్చీ అక్కడ కుర్సీ, సబ్బు సాబూన్, దుకాణం దుక్కాన్. దవాఖానలోని 'దవా' అక్కడా మందే. పని అయిపోతే ఖలాస్ అనడం మనకెవరు నేర్పాలి?

తెలియనివి కొన్నే. తలుపు బాబ్, తాళంచెవి మిఫ్తాహ్, వంటగది మత్బఖ్, ఫ్రిజ్ థల్లాజా, చీపురు మిక్నసా, కత్తి సిక్కీన్, నీళ్ళు మాయ్, రొట్టె ఖుబ్జ్. వీటన్నిటికంటె ముందు నేర్వవలసినది 'హార్' అని నా అభిప్రాయం. వేడిగా ఉన్నదని అర్థం. గిన్నె పట్టుకోబోతుండగా వెనుకనుండి ఎవరైనా హార్ అని అరిస్తే నిఘంటువు తీసే సమయం ఉండదు గదా! నార్ అంటే నిప్పు. మన నారుమడిని తలచుకోకండి.

తెమ్మనడానికి మగవానితో జీబ్ అంటారు, స్త్రీతో జీబీ. స్త్రీని రమ్మనాలంటే తఆలీ. అది తాళి అని వినబడి మెడ తడుముకోవద్దు, సహోదరీ!

పుస్తకం బట్టీ పట్టడం కంటె, వెళ్ళడానికి నెల ముందే తలుపుకు, కుర్చీకి, చీపురుకు తెలుగు అక్షరాలతో చీటీలు అంటించండి. చదువు రానివారికి పిల్లలు రోజూ అడిగి చెప్పిస్తారు, వాళ్ళకదొక ఆట.

సామాను కాకపోయినా మరి మూడు మాటలు. మఆష్ అంటే జీతం, ఇజాజా అంటే సెలవు, జవాజ్ అంటే పాస్‌పోర్టు. కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం ఇంటి పనివారికి వారానికొక రోజు విశ్రాంతి ఇచ్చింది. పనివారి సమ్మతి లేకుండా యజమాని పాస్‌పోర్టు తన వద్ద ఉంచుకోరాదనీ చెప్పింది. ఆ సంగతి అడగడానికి పెద్ద వ్యాకరణం అక్కరలేదు. "వేన్ జవాజీ?" అంటే చాలు, నా పాస్‌పోర్టు ఎక్కడ అని.