కుండ ఒకటే, కొట్టిన చెయ్యే వేరు!

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు మనవాళ్లు. అమెరికాలో ఈ సామెతకు అతికినట్టు సరిపోయే నాయకుడు మిట్ రామ్నీ.

2006 ఏప్రిల్ 12న బోస్టన్‌లో, మసాచుసెట్స్ గవర్నర్ హోదాలో రామ్నీ ఒక ఆరోగ్య చట్టంపై సంతకం చేశారు. ఆ వేదిక మీద డెమొక్రాట్ల పెద్ద దిక్కు టెడ్ కెనెడీ కూడా ఉన్నారు. 1994 సెనేట్ ఎన్నికలో రామ్నీని ఓడించింది ఈ కెనెడీయే! చట్టం సారం ఇదీ: స్తోమత ఉన్న ప్రతి వయోజనుడూ ఆరోగ్య బీమా తీసుకోవాలి. లేకపోతే రాష్ట్ర ఆదాయపు పన్నులో జరిమానా పడుతుంది. పేదవాళ్ల ప్రీమియానికి ప్రభుత్వం సాయం చేస్తుంది.

చిన్న ప్రభుత్వం, వ్యక్తి స్వేచ్ఛ అంటూ జపం చేసే రిపబ్లికన్ పార్టీ మనిషి ఇలాంటి చట్టం తెచ్చాడేమిటని అనుమానం వస్తుంది. నిజానికి ఆ మొక్క వాళ్ల పెరట్లోదే. 1989లో సంప్రదాయవాదుల మేధో సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ ఈ 'తప్పనిసరి బీమా'ను ప్రతిపాదించింది. 1993లో క్లింటన్ ఆరోగ్య పథకానికి పోటీగా రిపబ్లికన్ సెనేటర్ జాన్ చేఫీ పెట్టిన బిల్లులోనూ అది ఉంది.

వాళ్ల వాదన అర్థంలేనిదేం కాదు. రీగన్ హయాంలో, 1986లో వచ్చిన చట్టం ప్రకారం అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని డబ్బు లేదని ఆసుపత్రి తిప్పి పంపకూడదు. మంచిదే. మరి ఆ ఖర్చెవరిది? బీమా ఉన్నవాళ్లదీ, పన్ను కట్టేవాళ్లదీ. కట్టగలిగి కూడా బీమా కట్టనివాడు పక్కవాడి విస్తరిలో చెయ్యి పెట్టినట్టే కదా! ఎవరి బరువు వాళ్లే మోయాలనడం కంటే సంప్రదాయవాదం ఇంకేముంటుంది?

అయితే 2010 మార్చి 23న ఒబామా ఇదే నిబంధనను దేశమంతటికీ వర్తించే చట్టంలో పెట్టారు. 2008 ప్రైమరీల్లో హిల్లరీ క్లింటన్ ఈ నిబంధన కావాలంటే వద్దన్నది కూడా ఆయనే! అంతే, అడుగోటి కుండ కాస్తా కొత్త కుండయింది. నిన్నటి బాధ్యత నేడు స్వేచ్ఛ మీద దాడిగా మారింది. 2012 అధ్యక్ష ఎన్నికకు సిద్ధమవుతున్న రామ్నీ ఇరుకున పడ్డారు. సొంత పార్టీ ప్రత్యర్థి టిమ్ పాలెంటీ రెండు పేర్లూ కలిపి 'ఒబామ్నీకేర్' అని వెక్కిరించారు.

2011 మేలో మిషిగాన్ విశ్వవిద్యాలయంలో రామ్నీ జవాబిచ్చారు. తనది రాష్ట్ర సమస్యకు రాష్ట్రం వెతుక్కున్న పరిష్కారమనీ, ఒబామాది అందరి నెత్తినా ఒకే చట్టం రుద్దడమనీ ఆయన వాదన. తన చట్టాన్ని తప్పని ఒప్పుకోలేదు. అందుకు మెచ్చుకోవాలి. రాజ్యాంగపరంగానూ ఆ తేడా ఉత్తుత్తిది కాదు. 2012 జూన్ 28న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఒబామా నిబంధనను నిలబెట్టింది గానీ, దాన్ని పన్నుగా చూసి మాత్రమే నిలబెట్టింది.

కానీ ఆ జవాబు సగమే. ఎవరు ఆజ్ఞాపించాలో అది చెబుతుంది, ఆజ్ఞ మంచిదో చెడ్డదో చెప్పదు. జరిమానా కట్టే మనిషికి చీటీ బోస్టన్ నుంచి వస్తేనేం, వాషింగ్టన్ నుంచి వస్తేనేం? "ఇది మన పార్టీ ఆలోచనే, ఇదిగో ఇందుకు మంచిదనుకున్నాం" అని పార్టీకి గుర్తుచేసి ఉంటే రెండో సగం పూర్తయ్యేది. టికెట్టు కావలసిన మనిషికి అది కష్టమే. రామ్నీకి టికెట్టు దక్కింది, పదవి దక్కలేదు. తన చట్టం లేకపోతే ఒబామా చట్టమూ వచ్చేది కాదని ఆయన 2015లో అన్నారు. అప్పటికి ఎన్నిక ముగిసి మూడేళ్లు!

కేంద్ర జరిమానాను 2017 పన్నుల చట్టం 2019 నుంచి సున్నా చేసింది. మసాచుసెట్స్‌లో మాత్రం రామ్నీ నిబంధన చెక్కుచెదరలేదు. బీమా లేనివాళ్లు అతి తక్కువ శాతం ఉన్న రాష్ట్రంగా దానికి పేరు.

ఓటరు అడగవలసింది కుండ నీళ్లు నిలుపుతుందా లేదా అని. ఎవరి చేతిలో ఉందని మాత్రమే చూస్తే, చివరికి దాహంతో మిగిలేది మనమే.