ఊపిరితిత్తిలో పోగులు దొరక్కపోతే ఆస్‌బెస్టాస్ జబ్బు కానట్టేనా?

సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసిన మీ నాన్నకో, పెదనాన్నకో ఊపిరితిత్తుల జబ్బు వచ్చిందనుకుందాం. ఆస్‌బెస్టోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది కాబట్టి పరిహారం అడగొచ్చు. జబ్బుకు కారణం ఆస్‌బెస్టాసేనని తేల్చాలంటే? ఆపరేషన్‌లోనో, పోస్టుమార్టంలోనో తీసిన ఊపిరితిత్తి ముక్కలో పోగులు లెక్కపెట్టడం ఒక దారి.

ముక్కను ఏం చేస్తారు?

కణితి లేని చోటి నుంచి ముక్క తీసుకుంటారు. ఫార్మలిన్‌లో నిల్వ ఉంచిందైనా పనికొస్తుంది. కొంత భాగాన్ని తూచి, ఆరబెట్టి మళ్లీ తూస్తారు. ఎందుకంటే లెక్క చెప్పేది ఎండిన బరువు మీద. మిగతాది సోడియం హైపోక్లోరైట్‌లో, అంటే బ్లీచ్ ద్రావణంలో వేస్తారు. కండ కరిగిపోతుంది, ఖనిజ పోగులు మిగులుతాయి. ఆ ద్రవాన్ని అతి సన్నని రంధ్రాల ఫిల్టర్‌తో వడకడితే పోగులు దానిమీద నిలుస్తాయి. ఒంట్లోని ఇనుము, ప్రొటీన్ పూత పట్టిన పోగులు (వీటినే ఆస్‌బెస్టాస్ బాడీలంటారు) పూసలు గుచ్చిన పుల్లల్లా మామూలు మైక్రోస్కోపులోనే కనిపిస్తాయి. పూత లేని సన్నవాటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి.

ల్యాబ్‌లో వాడే నీళ్లలో, రసాయనాల్లోనూ పోగులుండొచ్చు. అందుకే వాటిని ముందే వడకట్టాలి. ముక్క వేయని ఖాళీ శాంపిల్‌నూ ఇదే వరసలో పరీక్షించాలి. అది చేశారా అని ల్యాబ్‌ను అడగండి, మొహమాటం వద్దు.

తక్కువ వస్తే?

1997 నాటి హెల్సింకి ప్రమాణాల ప్రకారం ఎండిన గ్రాముకు 1,000కి మించి బాడీలుంటే, పనిలో ఆస్‌బెస్టాస్ పీల్చిన అవకాశం చాలా ఎక్కువ. పేచీ అంతా తక్కువ వచ్చినప్పుడే. మన రేకుల్లో వాడుతున్నది తెల్ల ఆస్‌బెస్టాస్, క్రిసోటైల్. నీలం, గోధుమ రకాలు ఊపిరితిత్తిలో దశాబ్దాల పాటు తిష్ఠ వేస్తాయి. తెల్లది ముక్కలై చాలా త్వరగా తొలగిపోతుంది. జబ్బేమో 20, 30 ఏళ్లకు గానీ బయటపడదు. ఈ రకం విషయంలో పోగుల లెక్కకన్నా పని చరిత్రే మెరుగైన ఆధారం కావచ్చని ఆ ప్రమాణాలే అంటున్నాయి. కాబట్టి ‘పోగులు లేవు, జబ్బుకు మా పని కారణం కాదు’ అనే వాదన నిలిచేది కాదు. ఈ లెక్క కోసమే బతికున్న మనిషికి ఆపరేషన్ చేయించడమూ సరికాదు.

మీరు అడగాల్సింది ఆరోగ్య రికార్డు. ఆస్‌బెస్టాస్ కార్మికుల రికార్డులను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, వీటిలో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా యాజమాన్యం భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దాని నకలు కోసం రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అందినట్టు సంతకం తీసుకోండి. పాత ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు, జీతం చీటీలు, ఈఎస్‌ఐ కార్డు దానికి జతచేయండి.